వార్తలు, సామాజిక విషయాల మీద ఆన్‌లైన్ చర్చల్లో జాగ్రత్తగా ఆలోచించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకే విషయం మీద రోజుల తరబడి వాదించుకుంటారు. అయినా ఏమీ తేలదు. ఎందుకని?

చాలాసార్లు ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతుంటారు కాబట్టి. ఏ సామాజిక విషయంలోనైనా కనీసం మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. ఏం జరిగింది? ఎందుకు జరిగింది? ఇప్పుడు ఏం చెయ్యాలి? మూడింటికీ కావలసిన ఆధారాలు వేరు.

"నేరాలు విపరీతంగా పెరిగిపోయాయి, శిక్షలు కఠినం చెయ్యాల్సిందే" అనే మాట తీసుకోండి. పెరిగాయా లేదా అన్నది లెక్కలతో తేలే విషయం. అక్కడ కూడా జరిగిన నేరాలు వేరు, నమోదైన నేరాలు వేరు. ఇదివరకు భయంతోనో సిగ్గుతోనో నోరు మెదపని బాధితులు ధైర్యం చేసి ఫిర్యాదు చేస్తుంటే కేసుల సంఖ్య పెరుగుతుంది. అది నిజానికి మంచి మార్పు. సరే, నేరాలే పెరిగాయని తేలిందనుకుందాం. ఎందుకు పెరిగాయి? శిక్షలు తక్కువగా ఉన్నందుకా, దొరికిపోతామన్న భయం లేకనా, పనులు దొరక్కనా? దీనికి నేరాల సంఖ్య ఒక్కటే సరిపోదు. వేర్వేరు ప్రాంతాలనూ, వేర్వేరు కాలాలనూ పోల్చి చూడాలి. ఇక మూడోది, ఏం చెయ్యాలన్నది. భద్రత కోసం ఎంత స్వేచ్ఛ వదులుకోవచ్చు, నేరం చేసినవాడికి మారే అవకాశం ఇవ్వాలా వద్దా అన్నవి విలువలకు సంబంధించినవి. లెక్కలు అక్కడ సాయపడతాయి గానీ తీర్పు చెప్పలేవు.

ఒకరు మొదటి ప్రశ్న మీద మాట్లాడుతుంటే ఇంకొకరు మూడోదాని మీద కోప్పడతారు. "లెక్కల ప్రకారం పెరగలేదండీ" అన్న మనిషిని "అంటే నీకు బాధితుల మీద జాలి లేదా" అని నిలదీస్తారు. ఆ మనిషి జాలి ఊసే ఎత్తలేదు. అందుకే వాదనలోకి దిగేముందు "మనకు తేడా వస్తున్నది జరిగినదాని మీదా, కారణం మీదా, చెయ్యాల్సినదాని మీదా?" అని సూటిగా అడిగెయ్యండి. ఈ ఒక్క ప్రశ్నతో చల్లారిన గొడవలు చాలా చూశాను. కింది జవాబుల్లో కూడా ఈ మూడింటినీ విడదీసే చూస్తాను.

వార్త కనబడగానే మొట్టమొదట ఏం చెయ్యాలి?

చదవాలి. పూర్తిగా. హెడ్డింగ్ రాసేది చాలాసార్లు వార్త రాసిన విలేకరి కాదు, డెస్క్ మీద ఉన్న ఇంకొకరు. మనల్ని లోపలికి లాగడం దాని పని. లోపల "ఆరోపణలున్నాయి" అని ఉన్నది పైన "చేశాడు" అయిపోతుంది. 2020లో ట్విట్టర్ ఒక చిన్న ప్రయోగం చేసింది. లింక్ తెరవకుండానే రీట్వీట్ చెయ్యబోతున్నవాళ్లను "ముందు చదువుతారా?" అని అడిగింది. అలా అడిగాక వార్త తెరిచి చూడడం 40 శాతం పెరిగిందని ఆ సంస్థే చెప్పింది. అంటే మనలో చాలామందికి కావలసింది తెలివితేటలు కాదు, ఒక్క క్షణం ఆగమని చెప్పేవాళ్లు.

ఆ వెబ్‌సైట్ నమ్మదగ్గదో కాదో ఎలా తెలుస్తుంది?

ఆ వెబ్‌సైట్‌నే గంటసేపు తిరగేస్తే తెలియదు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో బయటపెట్టిన ఒక అధ్యయనం ఈ విషయంలో కళ్లు తెరిపించింది. చరిత్ర పండితులు, ఫ్యాక్ట్ చెకర్లు (వార్తల్లో నిజమెంతో పరిశీలించడమే పనిగా ఉన్నవాళ్లు), యూనివర్సిటీ విద్యార్థులు, మొత్తం 45 మందికి కొన్ని వెబ్‌సైట్లు ఇచ్చి ఏది నమ్మదగ్గదో చెప్పమన్నారు. పండితులు, విద్యార్థులు చాలామంది ఆ పేజీలోనే ఉండిపోయి లోగో బాగుందా, భాష గంభీరంగా ఉందా, చివర రిఫరెన్సులు ఉన్నాయా అని చూసి మోసపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం పేజీ తెరిచిన కాసేపటికే దాన్ని వదిలేసి, కొత్త ట్యాబులు తెరిచి, ఈ సంస్థ గురించి బయటివాళ్లు ఏమంటున్నారు, డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది అని వెతికారు. తక్కువ సమయంలో సరైన జవాబుకు చేరింది వాళ్లే.

ఇంకో సంగతి. పది పత్రికల్లో వచ్చినంత మాత్రాన పది ఆధారాలు ఉన్నట్టు కాదు. పదీ ఒకే వార్తా సంస్థ ఇచ్చిన కాపీని వేసుకుని ఉంటే ఆధారం ఒక్కటే. "ఈ విషయం ఎవరు స్వయంగా చూశారు, ఎవరు స్వయంగా పత్రాలు పరిశీలించారు?" అని మొదటి మూలం దాకా వెళ్లాలి. మధ్యలో ఎక్కడో దారి తెగిపోతే, ఆ వార్తను నమ్మడం మానెయ్యక్కర్లేదు గానీ నమ్మకం కొంచెం తగ్గించుకోవాలి.

ఏదైనా పెద్ద సంఘటన జరిగిన మొదటి గంటల్లో ఎలా ఉండాలి?

వీలైనంత తక్కువ మాట్లాడాలి. నిజం నిలకడ మీద తెలుస్తుందని పెద్దలు ఊరికే అనలేదు. మృతుల సంఖ్య, నిందితుల వివరాలు, కారణం, ఈ మూడూ మొదట్లో తరచూ తప్పుగా వస్తాయి.

2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేలాక రెడిట్ అనే ఆన్‌లైన్ చర్చా వేదికలో కొందరు ఫోటోలు పక్కపక్కన పెట్టి పోల్చి, అంతకుముందే కనబడకుండా పోయిన ఒక విద్యార్థిని అనుమానితుడిగా తేల్చేశారు. ఆ పేరు రాత్రికి రాత్రే ఊరూరా పాకింది. అతనికి ఆ దాడితో ఏ సంబంధమూ లేదు. తర్వాత అతను శవమై దొరికాడు. బిడ్డ కోసం వెతుక్కుంటున్న కుటుంబం ఆ రోజుల్లో తిట్లూ బెదిరింపులూ భరించాల్సి వచ్చింది. రెడిట్ తర్వాత క్షమాపణ చెప్పింది. ఆ పేరు పంచినవాళ్లలో చాలామంది న్యాయం జరగాలనే అనుకుని ఉంటారు. వాళ్ల మంచి ఉద్దేశం ఆ కుటుంబాన్ని కాపాడలేకపోయింది. అధికారికంగా బయటికి రాని పేరును, ముఖాన్ని, చిరునామాను ఎట్టి పరిస్థితుల్లోనూ షేర్ చెయ్యకండి. ఈ ఒక్క విషయంలో నేను మినహాయింపులు ఒప్పుకోను.

ఫోటో ఉంది, వీడియో ఉంది. ఇంకేం ఆధారం కావాలి?

ఎక్కడిది, ఎప్పటిది, ముందూ వెనకా ఏం జరిగింది అన్నది కావాలి. మనల్ని ఎక్కువగా మోసం చేసేవి కంప్యూటర్‌లో తయారైన బొమ్మలు కావు, వేరే చోట వేరే ఏడాది తీసిన అసలైన ఫోటోలు. ఫోటో నిజమే, కింద రాసిన మాటే అబద్ధం. గూగుల్ లెన్స్‌లోనో టిన్‌ఐలోనో ఆ ఫోటో పెట్టి వెతికితే అంతకుముందు ఎక్కడెక్కడ వచ్చిందో చాలావరకు బయటపడుతుంది. వీడియో అయితే ఒక ఫ్రేమును స్క్రీన్‌షాట్ తీసి అదే పని చెయ్యవచ్చు.

కృత్రిమంగా తయారయ్యేవీ పెరిగాయి. 2022 మార్చిలో ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ తన సైనికులను ఆయుధాలు దించమంటున్నట్టు ఒక డీప్‌ఫేక్ వీడియో, అంటే మనిషి ముఖాన్నీ గొంతునీ కంప్యూటర్‌తో నకలు చేసింది, వచ్చింది. 2023 మేలో అమెరికా రక్షణ శాఖ కార్యాలయం పెంటగాన్ దగ్గర పేలుడు అంటూ ఒక కృత్రిమ చిత్రం తిరిగితే, అబద్ధమని తేలేలోపే అమెరికా స్టాక్ మార్కెట్ సూచీలు కాసేపు కిందికి జారాయి. వేళ్లు లెక్కపెట్టడం, నీడలు చూడడం లాంటి చిట్కాల మీద ఎక్కువ ఆధారపడకండి, అవి రోజురోజుకీ పనికిరాకుండా పోతున్నాయి. అంత పెద్ద సంఘటన నిజంగా జరిగి ఉంటే ఇంకా ఎవరెవరు చూసి ఉండాలి, వాళ్లేమంటున్నారు అని అడగడం మాత్రం ఎప్పటికీ పనికొస్తుంది.

అంకెలతో చెబితే నమ్మవచ్చా?

అంకె అబద్ధం కాకపోయినా దాన్ని చెప్పిన తీరు మనల్ని పక్కదారి పట్టించవచ్చు. దీనికి నాకు తెలిసిన ఉదాహరణల్లో బాగా బాధపెట్టేది 1995లో బ్రిటన్‌లో జరిగింది. కొత్త రకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపు అవుతుందని అక్కడి మందుల భద్రతా కమిటీ హెచ్చరించింది. పత్రికలన్నీ అదే రాశాయి. అది నిజమే. పాత మాత్రలు వేసుకునే ప్రతి 7,000 మందిలో ఒకరికి ఆ సమస్య వస్తుంటే, కొత్తవాటితో ఇద్దరికి వచ్చింది. ఒకటి రెండయింది కాబట్టి రెట్టింపు. కానీ నిజంగా పెరిగింది 7,000కు ఒకరు. భయపడి చాలామంది మాత్రలు మానేశారు. ఆ మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 13,000 అబార్షన్లు అదనంగా జరిగాయని అంచనా. పైగా గర్భం వస్తే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆ మాత్రలతో వచ్చేదానికన్నా ఎక్కువే.

"రెట్టింపు", "50 శాతం ఎక్కువ" అన్న మాట వినబడగానే "ఎంత నుంచి ఎంతకు?" అని అడగండి. మొత్తం సంఖ్య చెబితే "ఎంతమందిలో?" అని అడగండి, ఎందుకంటే జనాభా ఎక్కువున్న చోట అన్నీ ఎక్కువగానే ఉంటాయి. "ఈ ఏడాది పెరిగింది" అంటే గత పదేళ్లు చూపించమనండి. గ్రాఫ్ అయితే ఎడమవైపు గీత సున్నా దగ్గర మొదలైందో లేదో చూడండి. 96 దగ్గర మొదలుపెడితే 97కీ 99కీ మధ్య తేడా కొండంత కనబడుతుంది.

సర్వేలో లక్షల మంది పాల్గొన్నారట. అప్పుడైనా నమ్మవచ్చు కదా?

ఎంతమంది అన్నదానికన్నా ఎవరు అన్నది ముఖ్యం. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. వాటిని లెక్కపెట్టి, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మీద పోటీ చేస్తున్న ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. అప్పటి 48 రాష్ట్రాల్లో 46 చోట్ల రూజ్‌వెల్టే గెలిచాడు. ఆ పత్రిక చిరునామాలు చాలావరకు టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి తీసుకుంది. ఆ రోజుల్లో అవి కాస్త డబ్బున్నవాళ్ల దగ్గరే ఉండేవి. పైగా శ్రమపడి తిరిగి పంపినవాళ్ల అభిప్రాయాలు, పంపనివాళ్ల అభిప్రాయాలు ఒకటి కావు. సర్వేలు చేసే జార్జ్ గాలప్ దాదాపు 50,000 మందితోనే విజేతను సరిగ్గా చెప్పాడు. ఆన్‌లైన్ పోల్‌లో ఓటు వేసేది ఆ పోల్ కనబడినవాళ్లు, అందులోనూ వెయ్యాలనిపించినవాళ్లు. దాన్ని ప్రజాభిప్రాయం అనకూడదు.

అది జరిగాకే ఇది జరిగింది. కారణం అదే అయి ఉండాలి కదా?

అయి ఉండవచ్చు. అంతవరకే. 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 12 మంది పిల్లల మీద రాసిన ఒక వ్యాసం ఎంఎంఆర్ (తట్టు, గవదలు, రుబెల్లా రాకుండా వేసే) టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉందేమో అన్న అనుమానం రేపింది. టీకా తర్వాతే బిడ్డలో మార్పు వచ్చిందని చెప్పిన తల్లిదండ్రులు అబద్ధం చెప్పలేదు. ఆ టీకా మొదటి డోసు వేసే వయసూ, ఆటిజం లక్షణాలు బయటపడే వయసూ దగ్గరదగ్గరగా ఉంటాయి. టీకా వేసినా వెయ్యకపోయినా ఆ వయసులోనే లక్షణాలు కనబడతాయి. అందుకే టీకా వేయించుకున్న పిల్లలను వేయించుకోనివాళ్లతో పోల్చాలి. 2002లో డెన్మార్క్‌లో 5 లక్షలకు పైగా పిల్లల వివరాలతో ఆ పని చేశారు. తేడా కనబడలేదు. లాన్సెట్ ఆ పాత వ్యాసాన్ని 2010లో వెనక్కి తీసుకుంది. ఈలోగా ఎన్నో కుటుంబాలు భయంతో బతికాయి.

మొత్తం సగటు కూడా ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. 1973లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో పీజీ కోర్సులకు దరఖాస్తు చేసిన మగవాళ్లలో 44 శాతం మందికి, ఆడవాళ్లలో 35 శాతం మందికి సీట్లు వచ్చాయి. చూడగానే వివక్ష అనిపిస్తుంది. విభాగాలవారీగా విడదీసి చూస్తే చాలా విభాగాల్లో ఆ తేడా లేదు, కొన్నింట్లో ఆడవాళ్లకే కాస్త మొగ్గు ఉంది. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ ఉన్న విభాగాలకు ఆడవాళ్లు ఎక్కువగా దరఖాస్తు చేశారు. "చూశారా, వివక్ష లేనే లేదు" అని ఇక్కడితో ముగించేవాళ్లు కూడా తొందరపడుతున్నట్టే. వాళ్లు ఆ విభాగాలవైపే ఎందుకు వెళ్లారు, చిన్నప్పటి నుంచి ఎటు ప్రోత్సహించారు అన్నది ఇంకో ప్రశ్న. ఒక లెక్క ఒక ప్రశ్నకే జవాబు చెబుతుంది.

నేను స్వయంగా అనుభవించాను. నాకు లెక్కలు చూపించడం అన్యాయం కాదా?

మీ అనుభవాన్ని కొట్టిపారేయడానికి లెక్కలు వాడితే అన్యాయమే. అలాంటివి జరుగుతున్నాయి అనడానికి ఒక్కరి అనుభవం చాలు. ఎంత తరచుగా జరుగుతున్నాయో చెప్పడానికి మాత్రం అది చాలదు. ఈ రెండూ వేరు చేసుకుంటే ఎవరినీ నొప్పించకుండా మాట్లాడవచ్చు. "మీకు జరిగింది నిజం, దానికి బాధ్యులు జవాబు చెప్పాలి. ఇది అందరికీ జరుగుతోందా అన్నది తెలుసుకుందాం" అనవచ్చు. ఎన్నో అన్యాయాలు లెక్కల్లోకి ఎక్కకముందు ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పబట్టే బయటపడ్డాయి. ఆ నోరు నొక్కేసే పని చర్చ పేరుతో చెయ్యకూడదు.

మరోవైపు, సులువుగా గుర్తొచ్చేది తరచుగా జరుగుతుందనుకోవడం మనసుకు అలవాటు. ఆమోస్ ట్వర్‌స్కీ, డేనియల్ కానమన్ 1973లోనే దీన్ని ప్రయోగాలతో చూపించారు. విమాన ప్రమాదం పదిరోజులు టీవీలో కనబడుతుంది. గుండెజబ్బుతో పోయినవాళ్లు కనబడరు.

నాకు ఏ పక్షమూ లేదు. నేను నిజాలే చూస్తాను. సరిపోతుందా?

ఆ ధీమాయే కొంచెం ప్రమాదం. పీటర్ వాసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లో 2, 4, 6 అని మూడు అంకెలు ఇచ్చి, వీటి వెనక ఒక నియమం ఉంది, మీరూ మూడేసి అంకెలు చెబుతూ అదేంటో కనుక్కోండి అన్నాడు. చాలామంది "రెండేసి పెరుగుతున్నాయి" అనుకుని 8, 10, 12 లాంటివే చెబుతూ పోయారు, ప్రతిసారీ "సరిపోయింది" అన్న జవాబు విని నమ్మకం పెంచుకున్నారు. అసలు నియమం ఏ మూడు అంకెలైనా పెరుగుతూ పోవడం, అంతే. 1, 2, 50 అని ఒక్కసారి అడిగి ఉంటే తెలిసిపోయేది. తమ ఊహ తప్పని చూపించగల ప్రశ్న వాళ్లకు తోచలేదు.

ఇంట్లో కూర్చుని చెయ్యగల పరీక్ష ఒకటుంది. వార్తలో ఉన్న పార్టీ పేరో, మతం పేరో, దేశం పేరో తీసేసి, మీకు నచ్చని పక్షం పేరు పెట్టి మళ్లీ చదవండి. అప్పుడూ ఇంతే ఆధారంతో నమ్మేవారా? అప్పుడూ ఇంతే కోపం వచ్చేదా? జవాబు "లేదు" అయితే, మీరు తూస్తున్నది ఆధారాన్ని కాదు.

ఇంతమంది చెబుతున్నారంటే ఎంతో కొంత నిజం ఉండదా?

ఎక్కువసార్లు విన్నది నిజంలా అనిపిస్తుంది. 1977లో హాషర్, గోల్డ్‌స్టీన్, టొపీనో చేసిన ప్రయోగంలో అదే వాక్యాన్ని కొన్ని వారాల తేడాతో మళ్లీ మళ్లీ చూసినవాళ్లకు దాని మీద నమ్మకం పెరిగింది. సరైన జవాబు ముందే తెలిసినవాళ్ల మీద కూడా ఈ ప్రభావం ఉంటుందని తర్వాతి పరిశోధనలు చూపాయి. ఇక పాకడం సంగతంటారా, 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన వార్తలను ఎంఐటీ పరిశోధకులు పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించారు. నిజమైన వార్తకన్నా అబద్ధపు వార్త రీట్వీట్ అయ్యే అవకాశం 70 శాతం ఎక్కువ. బాట్లను, అంటే మనిషి లేకుండా వాటంతటవే పోస్ట్ చేసే ఖాతాలను, లెక్కలోంచి తీసేసినా అదే ఫలితం. పంచింది మనుషులే.

నిపుణులూ తప్పు చేశారు కదా, వాళ్లనెందుకు నమ్మాలి?

చేశారు. కడుపులో పుండ్లకు టెన్షన్, ఆమ్లమే కారణమని వైద్యులు చాలాకాలం నమ్మారు. బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ ఒక బాక్టీరియా కారణమని చూపించారు. మార్షల్ ఆ బాక్టీరియాను తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఈ కథను "నిపుణులు చెప్పేదంతా వట్టిదే" అనడానికి వాడుతుంటారు. కానీ అందరూ అనుకునేదాన్ని వాళ్లు మార్చింది పరీక్షకు నిలిచిన ఆధారాలతో. ఒక నిపుణుడు తన రంగం దాటి మాట్లాడితే మామూలు మనిషి మాటగానే తీసుకోండి. ఆ రంగంలో అత్యధికులు ఒకే మాట మీద ఉంటే, దాన్ని కాదనడానికి బలమైన ఆధారం అడగండి. ఏం చెయ్యాలన్న ప్రశ్నలో మాత్రం నిపుణుడిది కూడా ఒక్క ఓటే.

తప్పని చూపిస్తే అవతలివాళ్లు ఇంకా మొండికేస్తారట. సరిదిద్దడం దండగేనా?

కాదు. 2010లో నైహన్, రైఫ్లర్ చేసిన అధ్యయనంలో సరిదిద్దినప్పుడు కొందరిలో తప్పుడు నమ్మకం ఇంకా బలపడినట్టు కనబడింది. అది బాగా ప్రచారమైంది. తర్వాత వుడ్, పోర్టర్ 10,000 మందికి పైగా మనుషులతో 52 అంశాల మీద పరీక్షించి 2019లో చెప్పిందేమంటే, అలా ఎదురుతిరగడం చాలా అరుదు. మనుషులు నిజాలను చాలావరకు స్వీకరిస్తారు. అయితే నిజం తెలిసినంత మాత్రాన పక్షం మారరు, మారాలని ఆశించకూడదు కూడా. ఎందుకంటే వాళ్ల పక్షం చాలావరకు మూడో ప్రశ్న మీద, అంటే విలువల మీద నిలబడి ఉంటుంది.

చెప్పే తీరు గురించి ఒక్క మాట. ముందు అవతలి మనిషి వాదనను, తనే "అవును, నేనన్నది ఇదే" అనేంత చక్కగా తిరిగి చెప్పండి. ఒప్పుకోగలిగింది ఒప్పుకోండి. ఆ తర్వాతే కాదనండి. "మరి అప్పుడు వాళ్లు చేసినప్పుడు ఎక్కడికి పోయావ్?" అన్నది జవాబు కాదు. అప్పటిది తప్పే, ఇప్పటిదీ తప్పే కావచ్చు.

నిష్పక్షపాతం అంటే రెండు వైపులకూ సమాన చోటు ఇవ్వడమేనా?

విలువల విషయంలో దాదాపు అవును. జరిగినదాని విషయంలో కాదు. బయట వాన పడుతోందని ఒకరు, లేదని ఒకరు అంటుంటే ఇద్దరికీ మైకు ఇవ్వడం కాదు, కిటికీ తెరిచి చూడాలి.

ప్రతి విషయం మీదా నాకో అభిప్రాయం ఉండాలా?

అక్కర్లేదు. "ఇంకా చదవలేదు", "సగం నమ్ముతున్నాను" అన్నవి పూర్తి వాక్యాలే.

తప్పుడు వార్త షేర్ చేశానని తర్వాత తెలిసింది. ఏం చెయ్యాలి?

ఊరికే డిలీట్ చేస్తే చూసినవాళ్ల మనసులో అది అలాగే ఉండిపోతుంది. ఎక్కడ పెట్టారో అక్కడే, అదే మనుషులకు చేరేలా, నిజం ఏమిటో మొదటి వాక్యంలోనే రాయండి. "నేను ఇంతకుముందు పెట్టింది తప్పు" అని రెండో వాక్యంలో చెప్పండి. ఆధారం లింక్ ఇవ్వండి. అబద్ధాన్ని మళ్లీ పూర్తిగా రాయకండి. అందులో ఎవరి పేరైనా, ముఖమైనా ఉంటే పోస్ట్ వెంటనే తీసెయ్యండి, మీ దగ్గర నుంచి తీసుకుని పంచినవాళ్లకు విడిగా మెసేజ్ పెట్టి వాళ్లనూ తీసెయ్యమనండి. వాట్సాప్‌లో "చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడింది" అన్న గుర్తుతో మీ దగ్గరికి వచ్చి ఉంటే, పంపిన మనిషికి కూడా చెప్పండి. పెద్దవాళ్లయితే గ్రూపులో నలుగురి ముందు వద్దు, విడిగా ఫోన్ చేసి చెప్పండి. సరిచేసిన మాటను గ్రూపులో వాళ్లనే పెట్టమని అడిగితే చాలామంది పెడతారు.